చెవిలో దెయ్యం కథలు: ఐదేళ్లు విన్నాక

2020 లాక్‌డౌన్‌లో మొదలైంది ఈ పిచ్చి. రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాత్రయ్యేసరికి కళ్లు మండిపోయేవి. తెర చూడకుండా ఏదైనా కాలక్షేపం కావాలి. అప్పుడు దొరికాయి ఈ పాత ఇంగ్లీషు దెయ్యం కథల ఆడియోలు. వంద, నూటఎనభై ఏళ్ల కిందటి కథలు. ఎవరో తాపీగా చదువుతూ ఉంటారు, మనం గిన్నెలు తోముకుంటూ వినొచ్చు. ఐదేళ్లు దాటింది. ఎన్ని విన్నానో లెక్క పెట్టుకోలేదు గానీ మా ఇంట్లో నాతోపాటు విన్నవాళ్లూ, నా పోరు పడలేక విన్నవాళ్లూ, వద్దంటూనే పక్కగదిలోంచి చెవులు రిక్కించినవాళ్లూ ఎవరు ఎక్కడ జడుసుకున్నారో మాత్రం బాగా గుర్తుంది. ఈ సమీక్షలో సగం వాళ్ల సంగతే.

నేను ఎక్కువగా వినేది లిబ్రివాక్స్ అనే ఉచిత ఆడియో పుస్తకాల సైటులో. 2005లో హ్యూ మెక్‌గైర్ అనే ఆయన మాంట్రియల్ నుంచి మొదలుపెట్టారు. చదివేవాళ్లంతా వాలంటీర్లు. కాపీరైటు తీరిపోయిన పుస్తకాలే తీసుకుంటారు, చదివిన రికార్డింగు మీద హక్కులు కూడా వదిలేస్తారు. ఫైళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భండారంలో ఉంటాయి, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తాయి. చిన్న దెయ్యం కథల సంకలనాలు నంబర్లు వేసి పదుల కొద్దీ ఉన్నాయి. ప్రతి రికార్డింగు మొదట్లో ఇది లిబ్రివాక్స్ రికార్డింగు, ఇవన్నీ పబ్లిక్ డొమైన్‌లో ఉన్నాయి (అంటే ఎవరైనా వాడుకోవచ్చు) అని ఇంగ్లీషులో ఒక ప్రకటన వస్తుంది. మొదటి నెల అది విసుగు. ఇప్పుడేమో చిన్నప్పుడు రేడియోలో నాటకానికి ముందు వచ్చే ప్రకటనలాగా అయిపోయింది. అది వినపడగానే అమ్మ "లైటు తీసెయ్యనా?" అని అడుగుతుంది. ఇంగ్లీషు రాని మనిషి.

అక్కడ ఒక పద్ధతి ఉంది. రికార్డింగు బయటికి రాకముందు ఇంకో వాలంటీరు విని, వాక్యాలు తప్పిపోయాయా, చప్పుళ్లు పడ్డాయా అని చూస్తారు. చదివే తీరు బాగుందా లేదా అన్న జోలికి వెళ్లరు. అందుకే అన్ని రకాల గొంతులూ ఉంటాయి. ఒకే కథ ఐదారుగురు చదివినవి దొరుకుతాయి. నాకు ఇదే పెద్ద లాభం అనిపించింది, ఎందుకంటే భయం కథలో ఉందా చదివే మనిషిలో ఉందా అన్నది పక్కపక్కన పెట్టి వింటే తెలిసిపోతుంది.

ఎడ్గార్ అలన్ పో రాసిన 'ది టెల్-టేల్ హార్ట్' తీసుకోండి. 1843 నాటి కథ, పావుగంటలో అయిపోతుంది. ముసలాయన్ని చంపి నేలపలకల కింద దాచినవాడు, తనకి పిచ్చి లేదని మనల్ని నమ్మించబోతూ ఉంటాడు. మొదటిసారి నేను విన్నది ఒక వీడియో ఛానెల్లో. పేరెందుకు గానీ, వెనకాల ఉరుములు, వయొలిన్, గుండె దడదడ, చదివేవాడు మొదటి వాక్యం నుంచే అరుపులు. రెండు నిమిషాల్లో మనవాడికి పిచ్చని తెలిసిపోయింది, ఇంక వినడానికి ఏముంది? తర్వాత ఒకావిడ చదివింది దొరికింది. సంగీతం లేదు. బ్యాంకులో ఖాతా వివరాలు చెబుతున్నంత మర్యాదగా చదివింది. రోజూ రాత్రి పన్నెండింటికి తలుపు సందులోంచి తల ఎలా పెట్టాడో, లాంతరు మూత ఎంత మెల్లిగా తీశాడో ఆ మర్యాద గొంతుతో చెబుతుంటే నా అరచేతులు చల్లబడ్డాయి. పోలీసులు వచ్చి కూర్చున్నాక గాని ఆవిడ వేగం పెంచలేదు. ఆ రోజు నుంచి నాకొక లెక్క ఏర్పడింది. భయపెట్టాలని చూసేవాళ్ల దగ్గర నవ్వొస్తుంది. ఏమీ ఎరగనట్టు చదివేవాళ్ల దగ్గరే అసలు పని జరుగుతుంది.

అమ్మ సంగతి చెప్పాలి. డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ రాసిన 'ది మంకీస్ పా', 1902. కోతి చెయ్యి ఒకటి, దానికి మూడు కోరికలు తీర్చే మహిమ. మహిమ పెట్టింది ఇండియాలో ఒక ఫకీరట. (ఆ కాలం ఇంగ్లీషు కథల్లో శాపమన్నది ఎక్కువగా మన వైపు నుంచే ఎగుమతి అయ్యేది.) అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి ప్రతి నాలుగు వాక్యాలకీ ఆపి తెలుగులో చెప్పాను. అరగంట కథ గంటన్నర పట్టింది. ముసలాయన ఇంటి అప్పు తీరడానికి 200 పౌండ్లు కోరుకుంటాడు. మర్నాడు ఒక పెద్దమనిషి వాళ్ల గేటు దగ్గర తచ్చాడుతూ ఉంటాడు. మూడుసార్లు ఆగి, ముందుకు వెళ్లిపోయి, నాలుగోసారి గేటు మీద చెయ్యి వేస్తాడు.

నేను ఇంకా ఆ వాక్యం దగ్గరే ఉన్నాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీయడం ఆపేసి, "పిల్లాడు పోయాడే" అంది.

నాకు నోట మాట రాలేదు. కథలో ఇంకా ఆ విషయం రాలేదు. కంపెనీ మనిషి లోపలికి రావాలి, కుర్చీలో కూర్చోవాలి, నసగాలి, అప్పుడు గదా కొడుకు మెషీన్లో పడి చనిపోయాడని తెలిసేది, నష్టపరిహారం సరిగ్గా 200 పౌండ్లని తెలిసేది. ఎలా కనిపెట్టావు అంటే, "మీ మావయ్య పోయినప్పుడు ఆఫీసువాళ్లు వీధి చివరే నిలబడిపోయారు. మంచి కబురైతే ఎవరూ గేటు దగ్గర ఆగరు" అంది. ఆ తర్వాత తల్లి పోరు మీద, కొడుకు మళ్లీ బతకాలని రెండో కోరిక. కథ చివర్లో రాత్రిపూట తలుపు కొట్టుడు, తల్లి గడియ తీయడానికి కుర్చీ వేసుకోవడం, తండ్రి మూడో కోరిక కోరడం. విన్నవాళ్లందరూ అమ్మయ్య అనుకునేది అక్కడే. మా అమ్మకి మాత్రం కోపం వచ్చింది. "ఎలా వచ్చినా కొడుకే కదా, తలుపు తీయనివ్వాల్సింది." రెండు రోజులు ఆ ముసలాయన్ని తిడుతూనే ఉంది. ఐదేళ్లలో నేను విన్న విమర్శల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

నాన్న రైల్వేలో పనిచేశారు. అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేరి, కొవ్వూరు, నిడదవోలు, సామర్లకోట వైపు తిరిగి తిరిగి రిటైరయ్యారు. ఆయనకి డికెన్స్ రాసిన 'ది సిగ్నల్-మ్యాన్' పెట్టాను, 1866 నాటిది. నేలను తవ్వి పట్టాలు వేసిన లోతైన కటింగులో, సొరంగం నోటి దగ్గర ఒంటరిగా డ్యూటీ చేసే సిగ్నల్‌మ్యాన్. ఎర్ర దీపం దగ్గర ఒక ఆకారం కనిపిస్తుంది, చెయ్యి ఊపుతుంది, ఆ తర్వాత ఏదో ఒక ప్రమాదం జరుగుతుంది. బెల్లు మోగుతుంది, కానీ అది పక్క స్టేషన్ వాళ్లు కొట్టింది కాదు.

నాన్న ఫోను ఆపించారు. "బెల్లు మోగిందంటున్నాడు, ఎన్ని బీట్లు?"

"ఏమో నాన్నా, కథలో చెప్పలేదు."

"చెప్పకపోతే ఎలా? ఒక బీటయితే అటెన్షన్. ఆరయితే అబ్‌స్ట్రక్షన్ డేంజర్, అక్కడికక్కడ అన్నీ ఆపెయ్యాలి. ఉత్తినే మోగింది అంటే రిజిస్టర్లో ఏం రాస్తాడు?"

పది నిమిషాలు ఈ పంచాయితీ నడిచింది. ఇంక ఈయనకి భయం వేయదులే అనుకున్నాను. మళ్లీ పెట్టాక, దెయ్యం కొట్టే బెల్లుకీ మనిషి కొట్టే బెల్లుకీ తేడా తనకి తెలుసని సిగ్నల్‌మ్యాన్ చెప్పే చోటు వచ్చింది. నాన్న మాట్లాడలేదు. కథ మొత్తం అయ్యాక, ఎప్పుడూ చెప్పని విషయం ఒకటి చెప్పారు. పిడుగులు పడే రాత్రుల్లో అప్పుడప్పుడు బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ (పక్క స్టేషన్‌తో బెల్లు సంకేతాలు మార్చుకునే యంత్రం) దానంతటదే ఒక్క బీటు కొట్టేదట. ఫోనెత్తి అవతలి స్టేషన్ని "కొట్టావా?" అని అడిగితే "లేదే" అనేవాడట. "అది పిడుగు వల్లే అని తెలుసు. అయినా ఫోను పెట్టేశాక కుర్చీ గోడకి జరుపుకుని కూర్చునేవాణ్ని" అన్నారు.

తర్వాత ఈ కథ వెనక సంగతి చదివి ఆయనకి చెప్పాను. 1865 జూన్ 9న ఇంగ్లండులో స్టేపుల్‌హర్స్ట్ దగ్గర రైలు పట్టాలు తప్పింది, పదిమంది చనిపోయారు, డికెన్స్ ఆ రైల్లోనే ఉన్నాడు, కింద పడ్డవాళ్లకి నీళ్లు పట్టాడు. సరిగ్గా ఐదేళ్లకి, 1870లో అదే జూన్ 9న చనిపోయాడు. తేదీల కలయిక చూసి నాన్న ఆశ్చర్యపోతారనుకున్నాను. ఆయన పట్టుకున్నది వేరే. వంతెన మీద పట్టాలు తీసి పనిచేస్తున్నప్పుడు ఎర్ర జెండా పట్టుకున్నవాడు 1,000 గజాల దూరంలో ఉండాల్సింది, 554 గజాల్లోనే నిలబడ్డాడు. "మిగతా దూరం ఎవడు నడుస్తాడు మరి?" అని నాన్న గొణుక్కుంటూనే భోజనానికి లేచారు. ఆ అంకెలు ఆయనకి ఇప్పటికీ నోటికొచ్చు.

చెల్లికి నేను పెట్టలేదు, తనే వెతుక్కుంది. పురిటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది అప్పుడు. రాత్రిళ్లు పాపకి పాలిస్తూ ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన 'ది ఎల్లో వాల్‌పేపర్' వినేసింది. 1892లో వచ్చింది. బిడ్డను కన్న ఆడమనిషిని, ఆరోగ్యం బాగాలేదని, డాక్టరైన మొగుడే ఒక మేడగదిలో ఉంచుతాడు. రాయొద్దు, ఆలోచించొద్దు, విశ్రాంతి తీసుకో. ఆమె గోడకంటించిన పసుపు కాగితం చూస్తూ చూస్తూ అందులో ఒక ఆడమనిషి పాకుతున్నట్టు కనిపెడుతుంది. గిల్మన్ తనకి జరిగిన వైద్యం మీదే రాసింది, ఆ వైద్యం చేసిన డాక్టరు పేరు కూడా కథలో ఉంటుంది.

పొద్దున్నే చెల్లి కాఫీ తాగుతూ, "అక్కా, ఇందులో దెయ్యం లేదు, మొగుడున్నాడు" అంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. తనున్న గదిలో కిటికీ పక్కన గోడకి చెమ్మ మరక ఒకటి ఉండేది. ఆ వారంలో ఆ గదికి సున్నం వేయించాం. ఎవరం ఎందుకని అడగలేదు. ఇంకో మాట, ఈ కథ మగ గొంతులో కూడా విందామని చూసింది, రెండు నిమిషాలకి ఆపేసింది. చదివినవాడి తప్పేం లేదు, బాగానే చదివాడు. ఆ గదిలోకి ఆయన వచ్చి కూర్చున్నట్టుందట, అంతే.

నా సంగతికొస్తే, నేను నిజంగా జడుసుకున్నది ఒక్కసారే. 2022లో ఆఫీసు పని మీద విశాఖపట్నం వెళ్లాను. సముద్రం దగ్గరే హోటలు, గదిలో రెండు మంచాలు. అది ఆలోచించకుండా ఎం. ఆర్. జేమ్స్ కథ పెట్టుకున్నాను, 'ఓ, విజిల్, అండ్ ఐల్ కమ్ టు యు, మై లాడ్'. సముద్రపు ఒడ్డున ఊళ్లో దిగిన ఒక ప్రొఫెసరు, శిథిలాల్లో దొరికిన పాత ఈల ఊదుతాడు. గాలి లేస్తుంది. ఆయన గదిలోనూ రెండు మంచాలు. రెండో మంచం మీద ఎవరూ లేరు, కానీ పొద్దున చూస్తే పక్క నలిగి ఉంటుంది. చివర్లో ఆ దుప్పట్లే లేచి నిలబడతాయి, ముడతలు పడ్డ గుడ్డే దాని ముఖం.

నేను లేచి లైటు వేశాను. సూట్‌కేసు, ల్యాప్‌టాప్ బ్యాగు, తువ్వాళ్లు, టీవీ రిమోటు, హోటల్ వాళ్లిచ్చిన రెండు నీళ్ల సీసాలు, అన్నీ తీసుకెళ్లి ఆ రెండో మంచం నిండా పేర్చాను. ఖాళీ లేకుండా. మర్నాడు గది ఊడ్చే అమ్మాయి వచ్చి ఆ మంచం వైపూ నా వైపూ చూసి, ఏం అనలేదు పాపం. జేమ్స్ కేంబ్రిడ్జిలో పండితుడు. ఈ కథలు ఆయన క్రిస్మస్ రోజుల్లో స్నేహితులకి చదివి వినిపించడానికి రాసుకున్నవి. కొవ్వొత్తులు ఒక్కటి మినహా అన్నీ ఆర్పేసి చదివేవాడట. అందుకేనేమో, కాగితం మీద కాస్త నత్తనడకగా అనిపించే ఆయన కథలు చెవిలో పడితే సరిగ్గా సరిపోతాయి. ముక్కలుగా వినొద్దు, ఒక్క కూర్చున్నంతలో వినండి.

మా ఆయనకి దెయ్యాలంటే భయం లేదు. ఆ మాట ఆయనే చెబుతారు, ప్రతిసారీ, మధ్యలో నిద్రపోయే ముందు. ఆల్జెర్నాన్ బ్లాక్‌వుడ్ రాసిన 'ది విల్లోస్' (1907) పెడితే మూడు రాత్రులు వరసగా గురక పెట్టారు. రెండు గంటలు దాటే కథ. డాన్యూబ్ నది వరదలో ఉండగా ఇద్దరు స్నేహితులు పడవలో వెళ్లి ఒక చిన్న దిబ్బ మీద రాత్రి గడుపుతారు. చుట్టూ గాలికి ఊగే విల్లో పొదలు. మా ఆయనది కోనసీమలో లంక ఊరు. నాలుగో రాత్రి మెలకువగా ఉన్నారు. గంట గంటకీ దిబ్బ అంచు కోసుకుపోతోందని వచ్చినప్పుడు మెల్లిగా దిండు నిలబెట్టుకుని కూర్చున్నారు. పొద్దున లేచి చూస్తే ఒక తెడ్డు కనిపించదు, పడవ అడుగున చీలిక. "తెడ్డు పోయిందా?" అన్నారు గట్టిగా. కథలో ఇంకా చాలా పెద్ద వింతలున్నాయి, వేరే లోకం వాళ్ల ధ్వనులు, ఇసుకలో గుంటలు. అవేం పట్టలేదాయనకి. వరదలో తెడ్డు పోవడమే ఆయన చూడగలిగిన భయం. గోదావరి వచ్చినప్పుడు తమ కొబ్బరిచెట్లు గట్టుతో సహా ఎలా జారిపోయాయో అర్ధరాత్రి వరకూ చెప్పారు. కథ అక్కడే ఆగింది. ఇప్పటికీ ఆయన మిగతాది వినలేదు.

ఇక ఇబ్బందులు. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు చదివే గ్రూపు రికార్డింగులు నాకు పడలేదు, ఎవరు చేసినా సరే. 'డ్రాక్యులా' లాంటి పెద్ద నవల అలా వింటే, కోటలో ఇరుక్కున్న ఇంగ్లీషు కుర్రాడు రాత్రికి రాత్రే అమెరికా యాసలోకి మారిపోతాడు, ఎల్లుండి ఆడగొంతు. ఆ నవల డైరీలు, ఉత్తరాలుగా ఉంటుంది కాబట్టి పాత్రకొక గొంతు పెడితే బాగుంటుంది, అధ్యాయానికొక గొంతు మాత్రం తలనొప్పి. పెద్దవాటికి ఒక్కరే చదివినవి వెతుక్కోండి.

పాత ఇంగ్లీషు కష్టమే. మొదటి రెండు నెలలు నాకు సగం అర్థమయ్యేది కాదు. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల సైటులో కథ పాఠం ఉచితంగా ఉంటుంది, అది తెరిచి పెట్టుకుని వింటే చెవి అలవాటవుతుంది. అమెరికా భయం కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ వాతావరణం కట్టడంలో దిట్టే గానీ, నల్లవాళ్ల మీదా వలస వచ్చినవాళ్ల మీదా ఆయన రాసిన మాటలు చదివేవాళ్ల గొంతులో వినడం ఇంకా చేదుగా ఉంటుంది. కాగితం మీదైతే కళ్లు దాటేస్తాయి, చెవికి ఆ సౌకర్యం లేదు.

డబ్బు కట్టి కూడా చూశాను, ఒక ఏడాది. స్టూడియో శుభ్రత, నటులు, అన్నీ బాగానే ఉన్నాయి. కథల మధ్యలో సంగీతం పెట్టి చంపారు. మళ్లీ కట్టలేదు. ఈ మధ్య కంప్యూటరు గొంతులతో తయారయ్యేవి కూడా వరదలా వస్తున్నాయి. ఉచ్చారణలో తప్పుండదు. ఊపిరి మాత్రం ఉండదు. భయం కథలో వాక్యానికీ వాక్యానికీ మధ్య చదివే మనిషి గాలి పీల్చుకునే చోటే నాకు ఒళ్లు జలదరిస్తుంది, అదే తీసేస్తే ఇంకేం వినాలి? ఒక పాత రికార్డింగులో, ఎవరిదో గుర్తులేదు, కథ మంచి పట్టులో ఉండగా ఎక్కడో దూరంగా కుక్క ఒక్కసారి మొరిగింది. మా వీధి కుక్కేమో అనుకుని బాల్కనీలోకి వెళ్లి చూశాను కూడా. అలాంటివి పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి రెండు మూడు ముక్కలు. వేగం 1.25కి పెంచొద్దు, పాడ్‌కాస్టులకి పనికొచ్చే అలవాటు ఇక్కడ చేటు. బస్సులో వద్దు, మెల్లిగా చదివే చోట ఏమీ వినపడదు. స్లీప్ టైమర్ పెట్టుకుంటే, కథ ఎక్కడ ఆగిందో తెలియక మర్నాడు మొదటికి రావాల్సి వస్తుంది, అయినా పెట్టుకోండి. లేకపోతే రాత్రి రెండింటికి వేరే కథలో ఎవడో కేక వేస్తాడు, ఇల్లంతా లేస్తుంది. మాకు అయింది. ఫైలు నాణ్యత 64 కేబీపీఎస్ అయితే మాటలకి చాలు, 128 దండగ.

మొన్న ఆదివారం నాన్న ఫోన్ చేశారు. "ఆ బెల్లు కథ మళ్లీ పంపమ్మా, నా ఫోన్లోది పోయింది. పాత సామర్లకోట స్టేషన్ మాస్టరుగారికి వినిపించాలి." పంపాను. గంట తర్వాత మళ్లీ ఫోను. వెనకాల ఇంకో పెద్దాయన గొంతు గట్టిగా వినపడుతోంది.

"ఎన్ని బీట్లని ఆయనా అడుగుతున్నాడు" అన్నారు నాన్న, గెలిచినట్టు.